పొరలు విప్పగల చిత్రం

2017 మే నెలలో కోల్‌కతాకు సంబంధించిన ఒక ఛాయాచిత్రం ప్రపంచ ఛాయాగ్రాహకుల మధ్య కలవరం రేపింది. నగరంలోని సోనాగాచి వాడలో వేశ్యావృత్తిపై ఆధారపడిన స్త్రీల బతుకును చిత్రిస్తూ ఒక యువ ఛాయాగ్రాహకుడు రూపొందించిన చిత్రమాలికలోనిది అది. దాని నేపథ్యంలో కనిపించే ఒక మనిషి సోనాగాచి మనిషి కాదు. ఆ మాటకు వస్తే కోల్‌కతా మనిషే కాదు. అమెరికన్ ఛాయాగ్రాహకురాలు మేరీ ఎలెన్ మార్క్ 1978లో బొంబాయి ఫాక్‌లాండ్ రోడ్డులో తీసిన చిత్రం నుంచి ఆ రూపాన్ని వేరుచేసి, దాదాపు ముప్పై అయిదేళ్ల తరువాతి కోల్‌కతా చిత్రంలో ఇమిడ్చారు. చూసినవారికి ఆ రెండు నగరాలూ, ఆ రెండు కాలాలూ ఒకే చోటుగా, ఒకే క్షణంగా తోచాయి. విషయం బయటపడిన తరువాత టైమ్ పత్రికకు ఇచ్చిన ముఖాముఖిలో అతను ఈ పనిని అంగీకరించాడు. మరికొన్ని చిత్రాలను కూడా మార్చినట్టు చెప్పాడు. అతని పేరు లోకవిదితమే. ఇక్కడ దానితో పని లేదు. ఒప్పుకున్నవాడిని మళ్లీ బోనెక్కించడం వల్ల ఒరిగేదీ లేదు. విచారించవలసినది ఆ దోషం యొక్క స్వరూపం.

అది తప్పని చెప్పడానికి పెద్ద విచారణ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. లేనిదాన్ని ఉన్నట్టు చూపడం అసత్యం, అసత్యం దోషం, అంతటితో తీర్పు ముగిసిందనవచ్చు. కాని ఆ తీర్పును కొంచెం దూరం నడిపిస్తే చిక్కులో పడుతుంది. రెండు చిత్రాలను ఒకటిగా కలపడమే దోషమైతే, ఈ దేశంలో ఛాయాచిత్రకళకు తొలి కేంద్రాలలో ఒకటైన ఆ నగరపు చిత్రచరిత్రలో చాలా భాగాన్ని దోషుల జాబితాలో చేర్చవలసి వస్తుంది. 1856లో బెంగాల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది అక్కడే. శతాబ్దిన్నరకు పైబడిన చరిత్ర గల బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియో 2016లో మూతపడింది కూడా అక్కడే. ఆ కాలపు ఛాయాగ్రాహకులకు, వారు ఏ దేశస్థులైనా, ఆకాశం ఒక సమస్య. నాటి రసాయనాలు నీలిరంగుకు మితిమీరి స్పందించేవి. నేల మీది దృశ్యం సరిగా వచ్చేసరికి మబ్బులు మాయమై పైన తెల్లని బయలు మిగిలేది. అందుచేత మబ్బులను విడిగా ఒక నెగెటివ్ మీద పట్టి, నేలను మరో నెగెటివ్ నుంచి తీసి, రెంటినీ ఒకే కాగితం మీద అచ్చువేసేవారు. ఒక నాటి మబ్బులు మరొక నాటి గోపురం మీద నిలిచేవి. దానిని మోసమని తిట్టినవారూ లేకపోలేదు. అయితే కంటికి కనిపించిన ఆకాశాన్ని తిరిగి ఇవ్వడమే దాని ఉద్దేశమన్నది కాదనలేని సంగతి.

ఇంకా లోతుగా చూస్తే, కలకత్తాలో అచ్చయిన రంగుల బొమ్మ ప్రతిదీ పొరల మేళవింపే. ఈ విద్యకు ఆ నగరంలో ఒక మహానుభావుడున్నాడు. ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి పిల్లల కథకుడుగా బెంగాలీ ఇళ్లలో ప్రసిద్ధుడు; సత్యజిత్ రాయ్‌కి తాతగా మిగిలిన దేశానికి పరిచితుడు. కాని 1897 మొదలు సుమారు ఒకటిన్నర దశాబ్దం పాటు లండన్ నుంచి వెలువడే పెన్‌రోజ్ వార్షిక సంచికలో హాఫ్‌టోన్ ముద్రణను గురించి ఆయన రాసిన శాస్త్రీయ వ్యాసాలు ఆనాటి ముద్రణా నిపుణులు శ్రద్ధగా చదివినవి. విదేశాలకు వెళ్లకుండా, ఏ విద్యాలయంలోనూ ఆ శిల్పాన్ని అభ్యసించకుండా, సొంత ప్రయోగాలతోనే ఆయన దానిని సాధించాడు. నలుపు తెలుపుల మధ్య నున్న బూడిద ఛాయలను అచ్చుయంత్రం వేయలేదు. దానికి తెలిసినది సిరా ఉండడం, లేకపోవడం, రెండే. గీతల జల్లెడ వంటి గాజుతెర గుండా చిత్రాన్ని చుక్కలుగా విడగొడితే, పెద్ద చుక్కలు గాఢంగా, చిన్న చుక్కలు లేతగా కంటిని నమ్మిస్తాయి. ఉపేంద్రకిశోర్ ఆలోచనంతా ఆ గాజుతెర ఎంత దూరంలో, ఏ కోణంలో ఉండాలన్నదాని మీదనే సాగింది.

రంగుల బొమ్మకు ఇదే పని మూడుసార్లు చేయాలి. మూలచిత్రాన్ని మూడు వేర్వేరు రంగు గాజుల గుండా మూడుసార్లు పట్టి, మూడు పలకలు చేసి, పసుపు, ఎరుపు, నీలం సిరాలతో ఒకదానిపై ఒకటి అద్దాలి. ఒక్కొక్క పొరను విడిగా చూస్తే అది ఏ వస్తువుకూ నిజమైన రంగు కాదు. పసుపు పొరలోని స్త్రీ ముఖం కామెర్ల రోగి ముఖంలా ఉంటుంది. మూడూ తమ తమ స్థానాలలో పడినప్పుడే చిత్రం పలుకుతుంది, వెంట్రుకవాసి తప్పితే చెదురుతుంది. 1913లో ఉపేంద్రకిశోర్ స్థాపించిన పిల్లల పత్రిక సందేశ్‌లోని బొమ్మలు ఇలా పుట్టినవే. ఆ పత్రికను చేతబట్టిన బాలుడెవరూ మోసపోలేదు. ఒక చిన్న భూతద్దం ఆ పేజీపై ఉంచితే చాలు, చుక్కలు చుక్కలుగా ఆ చిత్రం తన నిర్మాణమంతా తానే చెప్పేస్తుంది. ఈ సంగతి తరువాతి విచారణకు చాలా అవసరం.

నేటి సాఫ్ట్‌వేర్‌లో జరిగేది ఆ ముద్రణాలయపు పనికి దగ్గరి చుట్టమే. థామస్ నాల్, జాన్ నాల్ అనే అన్నదమ్ములు రూపొందించిన ఫొటోషాప్‌ను అడోబి సంస్థ 1990లో విడుదల చేసింది. తొలి నాలుగేళ్లూ అందులో పొరలు లేవు. ఒక బొమ్మ మీద మరొక బొమ్మను అతికించి వదిలితే కిందిది శాశ్వతంగా పోయేది. 1994లో వచ్చిన మూడవ సంచికతో పొరలు వచ్చాయి. ఒక్కొక్క రూపం ఒక్కొక్క పారదర్శకమైన పలక మీద ఉంటుంది. పలకలను వెనక్కు ముందుకు జరపవచ్చు, ఒకదాన్ని సగం పలచన చేయవచ్చు, ముసుగు వేసి కొంత భాగాన్ని దాచవచ్చు. రెండు పొరలు ఎలా కలవాలో కూడా నిర్ణయించవచ్చు. ఒక పద్ధతిలో ఒక్కొక్క బిందువు వద్ద రెండు పొరల కాంతి విలువలను గుణిస్తారు. తెలుపును ఒకటిగా, నలుపును సున్నాగా లెక్కిస్తారు గనుక ఫలితం ఎప్పుడూ చీకటి వైపే మొగ్గుతుంది. రెండు ఫొటో ఫిల్ములను ఒకే దీపం మీద పెట్టి చూసినట్టుంటుంది. దానికి ఎదురు పద్ధతిలో రెండు దీపాలు ఒకే తెరపై రెండు బొమ్మలను వేసినట్టు వెలుగు పెరుగుతుంది. ఇక్కడ గమనించవలసినది, పొరల ఆవిష్కారం వల్ల బొమ్మలను కలపడం సులువైన మాట నిజమే గాని, విడదీయడం సాధ్యమైనది కూడా దానివల్లనే. పొరలున్నంతకాలం ప్రతి రూపం తన మూలాన్ని పోగొట్టుకోకుండా నిలుస్తుంది. పని ముగిసినాక అన్నిటినీ ఒకే పలకగా అణచివేయమని ఆజ్ఞ ఇస్తే, దాచి ఉంచిన పొరలు ఏవైనా మిగిలి ఉన్న పక్షంలో, వాటిని పారవేయవచ్చా అని సాఫ్ట్‌వేర్ ఒకసారి అడుగుతుంది. అవునంటే ఆ తరువాత వాటి జాడ ఉండదు.

ఈ వ్యవహారానికి భారతీయ దర్శనాలలో ఎంతో ముందే ఒక పేరు ఉంది. ఒకదానిపై మరొకదాన్ని ఆరోపించి చూడడాన్ని వేదాంతులు అధ్యాసమన్నారు, అధ్యారోపమన్నారు. త్రాటి మీద పాము, ముత్యపుచిప్ప మీద వెండి తెలుగు పాఠకునికి బాల్యపరిచితాలే. శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యపు ఉపోద్ఘాతంలో అధ్యాసానికి చెప్పిన లక్షణం సారాంశమేమంటే, ఇదివరలో ఒకచోట చూసినది మరొకచోట స్మృతివలె భాసించడం. ఫాక్‌లాండ్ రోడ్డులో ఒకరు చూసినది సోనాగాచిలో భాసించిన ఉదంతానికి ఇంతకన్నా అతికినట్టుండే లక్షణం దొరకదు. అయితే వేదాంతం అధ్యారోపాన్ని కేవలం దోషంగా చూసి ఊరుకోలేదు. గురువు శిష్యునికి బోధించేటప్పుడు కావాలనే ఒకదానిని ఆరోపిస్తాడు. అర్థమైన తరువాత ఆ ఆరోపాన్ని తొలగిస్తాడు. ఆ తొలగింపుకు అపవాదమని పేరు. లోకవ్యవహారంలో ఆ మాటకు నింద అన్న అర్థం స్థిరపడడం ఒక వింత. శాస్త్రంలో అది సత్యానికి దారి. అధ్యారోపానికి అపవాదం తోడుగా ఉన్నప్పుడు అది బోధ. ఆరోపించినవాడే తొలగించే దారిని మూసివేసినప్పుడు అది వంచన. హాఫ్‌టోన్ బొమ్మకు భూతద్దం అపవాదం. తెరచి ఉంచిన పొరలకు ఆ పొరలే అపవాదం. సోనాగాచి చిత్రంలో జరిగినదేమంటే, పొరలను అణచివేసి, పైగా ఇందులో పొరలే లేవన్న భరోసాతో దానిని లోకం ముందు పెట్టడం.

ఆ భరోసా ఎక్కడిదన్నది ఇక తేల్చవలసిన ప్రశ్న. ప్రతి చిత్రమూ అటువంటి భరోసా ఇవ్వదు. శ్రీశంకుకుడనే ఆలంకారికుడు నాట్యానుభవాన్ని వివరిస్తూ చిత్రతురగ న్యాయాన్ని చెప్పాడు. బొమ్మలోని గుర్రాన్ని చూసినవాడు అది నిజమైన గుర్రమని భ్రమించడు, గుర్రం కాదని తోసిపుచ్చడు, అవునో కాదో అని సందేహించడు, గుర్రంలా ఉందని పోల్చుకుంటూ కూర్చోడు; ఈ నాలుగింటికీ వేరైన ఒక ప్రతీతితో అది గుర్రమేనని గ్రహిస్తాడు. 1969లో సత్యజిత్ రాయ్ తన తాత కథను గూపీ గాయిన్ బాఘా బాయిన్ అన్న పేరుతో చలనచిత్రంగా తీసినప్పుడు, అందులోని భూతాల నృత్యంలో రాజులు, సామాన్యులు, దొరలు, స్థూలకాయులు అనే నాలుగు తెగల భూతాలను చివరకు ఒకే చట్రంలో నాలుగు వరుసలుగా ఒకదానిపై ఒకటి పేర్చి ఆడించాడు. దానికి పన్నెండేళ్ల ముందే, 1957లో, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణంలో వచ్చిన మాయాబజార్ తెలుగువారికి ఘటోత్కచుని విందును చూపింది. లడ్లు వాటంతట అవే నోట్లోకి వెళుతుంటే థియేటరులో నవ్విన పల్లెటూరి ముసలమ్మ ఆ దృశ్యాన్ని సాక్ష్యంగా స్వీకరించలేదు, అబద్ధమని కోపగించనూ లేదు. అక్కడ కలపడమే కళ. దాచినదేమీ లేదు, మాయ అని పేరులోనే చెప్పారు.

వార్తాచిత్రం చిత్రతురగం కాదు. ఆ గుర్రం నిజంగా ఆ వీధిలో నడిచిందన్న వాంగ్మూలం అది. ఎదుటి వస్తువు నుంచి వచ్చిన వెలుగే ఫిల్మును తాకి ఆ గుర్తును మిగిల్చింది గనుక, చిత్రానికి వస్తువుతో ఉన్న సంబంధం పోలిక మాత్రమే కాదు, కార్యకారణ సంబంధం. నైయాయికులు కొండ మీద పొగను చూసి నిప్పును ఊహించినట్టే చూపరి చిత్రాన్ని చూసి సంఘటనను ఊహిస్తాడు. పొగకు నిప్పుతో విడదీయరాని సంబంధం ఉండబట్టి ఆ ఊహ ప్రమాణమవుతున్నది. ఎవరైనా సాంబ్రాణి పొగను తెచ్చి కొండ మీద వదిలితే చెడేది ఒక్క కొండను గురించిన ఊహ మాత్రమే కాదు, పొగ అనే గుర్తు మీది విశ్వాసం.

ఇక్కడ ఒక సమర్థన ఎదురవుతుంది. దానిని చులకనగా తోసివేయడం న్యాయం కాదు. సోనాగాచిలో అటువంటి మనిషి నిజంగా ఉండవచ్చు. ఆమె కథ నిజం కావచ్చు. కెమెరా ముందుకు రావడానికి ఆమె ఇష్టపడి ఉండకపోవచ్చు. అక్కడి దైన్యాన్ని లోకానికి చాటాలన్న ఆవేదనతో చిత్రకారుడు మరొకచోటి రూపాన్ని తెచ్చి ఆ ఖాళీని పూరిస్తే, చూపరికి చివరకు కలిగిన జ్ఞానం యథార్థమే గదా? వేదన నిజం, వాడ నిజం, అబద్ధమైనదల్లా ఒక రూపం. దేశంలో కరుణను కదిలించే పనిలో ఉన్నవారు చాలామంది ఈ తర్కాన్ని మనసులోనైనా ఎప్పుడో ఒకప్పుడు ఆశ్రయించి ఉంటారు.

దీనికి సమాధానం వెదికేవాడు పన్నెండవ శతాబ్దపు శ్రీహర్షుని దగ్గరకు వెళ్లవచ్చు. శ్రీనాథుడు తెలుగు చేసిన నైషధానికి కర్త అయిన ఆ కవే ఖండనఖండఖాద్యమనే కఠినమైన తర్కగ్రంథాన్ని కూడా రాశాడు. యథార్థమైన తలపు ప్రతిదీ ప్రమాణజన్యమైన జ్ఞానమేనా అని అందులో ఆయన నిలదీశాడు. ఒకడు పిడికిలి మూసి ఎన్ని గవ్వలున్నాయని అడిగాడు. రెండవవాడు అంచనాగా అయిదన్నాడు. తెరచి చూస్తే అయిదే. వాడు తెలిసి చెప్పాడా? ఒకడు కొండ మీది మంచును చూసి పొగ అనుకొని నిప్పుందని నిశ్చయించాడు. దైవికంగా అక్కడ నిప్పు ఉండనే ఉంది. వాడికి తెలిసిందా? శ్రీహర్షుడు ఈ ఉదాహరణలతో ప్రమాణ లక్షణాలనన్నింటినీ చిక్కున పెట్టదలచాడు. ఆయన గమ్యం వేరు. కాని ఛాయాచిత్రాన్ని గురించి ఆలోచించేవాడికి ఇక్కడొక గట్టి ఆధారం దొరుకుతుంది. సోనాగాచిలో నిప్పు ఉన్నదనుకుందాం. చూపరి చూసినది మాత్రం బొంబాయి మంచు. అతని నమ్మకం ఫలితంలో సరి కావచ్చు, దానికి ఆధారం లేదు. ఆధారం లేని నమ్మకం నిలబడేది దానిని ఎవరూ ప్రశ్నించనంతవరకే. ఒకసారి మంచు మంచని తేలితే, ఉన్న నిప్పును కూడా నమ్మేవాడుండడు. అబద్ధపు చిత్రం వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయినది ఎవరి కోసం ఆ అబద్ధమాడారో ఆ స్త్రీలే. 1995లో దుర్బార్ మహిళా సమన్వయ కమిటీగా సంఘటితమై తమ మాటను తామే చెప్పుకోవడం మొదలుపెట్టినవారు వారు. వారికి సాక్షులు కావాలి గాని, సాక్ష్యాన్ని సృష్టించేవారు అవసరం లేదు.

నిరాకరణ సంగతి మరీ సున్నితమైనది. ఒక స్త్రీ తన రూపాన్ని ఇవ్వనన్నదనుకుంటే, ఆ కాదనడం కూడా సోనాగాచి సత్యంలో ఒక భాగం. ఆ ఖాళీ ఖాళీగా ఉండడమే యథార్థ చిత్రణ. దానిలో మరొకరిని నిలబెట్టడమంటే ఆమె మాటను చెరిపివేయడం. ఆ నిలబెట్టిన మనిషి ఎవరు? మార్క్ ఫాక్‌లాండ్ రోడ్డుకు తొలుత వెళ్లినప్పుడు అక్కడివారు ఆమె మీద చెత్త విసిరారు, నీళ్లు కుమ్మరించారు. ఆమె రోజూ వెళ్లింది, కూర్చుంది, ఓపిక పట్టింది. కొన్నాళ్లకు తలుపులు తెరుచుకున్నాయి. 1981లో పుస్తకంగా వచ్చిన ఆ చిత్రాలలో ప్రతి ముఖం వెనుకా అటువంటి ఒక ఒప్పుదల ఉంది. మన సోనాగాచి చిత్రంలోకి వచ్చిన రూపం ఆడవేషం వేసుకుంటున్న హిజ్రాల చిత్రంలోనిది. ఆ మనిషి తన పెరట్లో, తనవారి మధ్య, తాను క్రమంగా నమ్మిన ఒక స్త్రీ ఎదుట నిలబడ్డ మనిషి. కత్తిరింపులో రూపం వచ్చింది. ఆ ఒప్పుదల రాలేదు. ఊరు మారింది, కాలం మారింది, బతుకు మారింది. మరణించిన వారి విషయంలోనూ, జీవించి ఉన్నవారి విషయంలోనూ ఇంత స్వేచ్ఛ ఒక పొరకు ఎవరిచ్చారు?

ఇటువంటి స్వేచ్ఛనే ప్రేమతో తీసుకునే సందర్భం ఒకటి ఉంది. కోల్‌కతాలోనూ, తెలుగు పట్టణాలలోనూ స్టూడియోలు తరతరాలుగా చేస్తున్న పని అది. తండ్రి పోయిన తరువాత కూతురి పెళ్లి అవుతుంది. పాత గుర్తింపు కార్డు మీది తండ్రి ముఖాన్ని తెచ్చి, ఎవరిదో కోటు తొడిగి, దంపతుల పక్కన నిలబెట్టి పటం కట్టిస్తారు. ఒకప్పుడు కుంచెతో, కత్తెరతో చేసిన పనిని ఇప్పుడు పొరలతో చేస్తున్నారు. దీనిని అబద్ధమనడానికి నోరు రాదు. ఇంట్లో అందరికీ తెలుసు. చుట్టపుచూపుగా వచ్చినవారికి ఆ తల్లి తానే చెబుతుంది, ఆయన అప్పటికి లేరమ్మా, ఫొటోలో పెట్టించాం అని. ఆ మాటే ఆ పటానికి అపవాదం. కాని ఆ తల్లి పోతుంది. కూతురి పిల్లల నాటికి ఆ మాట చెప్పేవారుండరు. అప్పుడు ఆ పటం చిత్రతురగం నుంచి వాంగ్మూలంగా మారిపోతుంది. తాతగారు అమ్మ పెళ్లి చూశారని మనవలు నమ్ముతారు. ఎవరూ అబద్ధమాడలేదు, అయినా అబద్ధం పుట్టింది. పటం వెనుక అట్ట మీద పెన్సిలుతో రాసిన ఒక్క వాక్యం దీనిని ఆపగలదు. చాలా ఇళ్లలో అది రాయరు.

దీనిని బట్టి దోషం కలపడమనే క్రియలో లేదని స్పష్టమవుతున్నది. చేతిలోని ఫోను కూడా నేడు ఒక్క నొక్కుకు అనేక చిత్రాలను తీసి, చీకటిని ఒకదానినుంచి, వెలుగును మరొకదానినుంచి తీసుకొని ఒకటిగా కలిపి ఇస్తున్నది. ఒకే క్షణాన్ని పట్టినదే ఛాయాచిత్రమన్న పాత నిర్వచనాన్ని పట్టుకుంటే ఇప్పుడు తీస్తున్న వాటిలో చాలా భాగం ఛాయాచిత్రాలే కావు. గీతను పనిముట్టు దగ్గర గీయలేము. చిత్రం ఏ మాటతో, ఎవరి పేరుతో, ఎవరి ముందుకు వెళుతున్నదో అక్కడే గీయాలి. ఆ మాట ప్రభుత్వానిదైనప్పుడు భారం ఇంకా పెరుగుతుంది. 2015 డిసెంబరులో చెన్నై వరదలను ప్రధానమంత్రి విమానం నుంచి పరిశీలిస్తున్న చిత్రమొకటి ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో నుంచి వెలువడింది. కిటికీలోంచి కనిపించే దృశ్యం వేరే చిత్రంలోనిది. విమర్శ రాగానే దానిని తొలగించి, రెండు చిత్రాలను కలపడం జరిగిందని ఆ సంస్థ వివరణ ఇచ్చింది. విమానం నిజం, పర్యటన నిజం, వరద నిజం. అన్నీ నిజమైనవాటిని కలిపినప్పుడు కూడా ఫలితం నిజం కాకపోవచ్చుననడానికి ఇంతకన్నా సులభమైన ఉదాహరణ ఉండదు. కార్యాలయాలలో ఫైలు మీద ప్రతి మార్పు పక్కన సంతకం, తేదీ ఉండాలన్న నియమం ఉన్నది. కొట్టివేత కనబడేలా కొట్టివేయాలి గాని గీకి చెరపకూడదని గుమాస్తాకు మొదటిరోజే చెబుతారు. ఆ పాత పద్ధతి చిత్రాల దగ్గరకు వచ్చేసరికి ఎందుకు మరుగున పడాలో అర్థం కాదు.

2019లో అడోబి మొదలైన సంస్థలు కొన్ని కలిసి, చిత్రం ఎక్కడ పుట్టిందో, దానిలో ఏ మార్పులు జరిగాయో ఆ చిత్రానికే అంటిపెట్టుకొని ఉండే ఒక చిట్టాను రూపొందించే ప్రయత్నం ప్రారంభించాయి. 2021లో దానికి ఉమ్మడి ప్రమాణాలను నిర్ణయించే కూటమి ఏర్పడింది. పటం వెనుక పెన్సిలు వాక్యానికి ఇది యంత్రరూపం. మంచి ప్రయత్నమే. కాని చిత్రాన్ని తెర మీద నుంచి తిరిగి ఫొటో తీస్తే చిట్టా ఊడిపోతుంది. చిట్టా లేని చిత్రమంతా అబద్ధమనీ అనలేము. రాయదలచినవాడికే అది ఉపకరిస్తుంది.

సోనాగాచి చిత్రం విషయంలో ఏ చిట్టా లేదు. పొరలు అణగిపోయాయి, అంచులు కరిగిపోయాయి. పోటీల న్యాయనిర్ణేతలూ, పత్రికల చిత్రసంపాదకులూ ఆ ఛాయాగ్రాహకుని పనిని చూశారు, మెచ్చారు. మార్క్ 2015 మే నెలలోనే మరణించింది. తన చిత్రంలోని మనిషి కోల్‌కతాకు ప్రయాణం చేసిన సంగతి బయటపడేనాటికి ఆమె లేదు. చివరకు దానిని పట్టుకున్నది ఏ యంత్రమూ కాదు. ఫాక్‌లాండ్ రోడ్డు చిత్రాన్ని ఎప్పుడో చూసిన ఒక పాఠకురాలు, కోల్‌కతా చిత్రం ముందు ఆగి, ఈ మనిషిని ఇంతకుముందు ఎక్కడో చూశానే అనుకున్నది.